ఈ భాగం ఎవరి కళ్ళతో చెప్పబడింది?

"డ్రైవర్‌కి ఆకలేస్తే మీకేంటండీ బాధ?"

అతను కళ్ళజోడు సర్దుకుని తలెత్తి చూశాడు. బల్లకి అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. జడ చివర నుంచి వాన చుక్కలు ఒక్కొక్కటే అతని ఫైలు మీద రాలుతున్నాయి. చేతిలో ఒక కాగితం, దాని మీద అతను పొద్దున్నే కొట్టిన ఎర్రగీత.

"ఎవరి డ్రైవర్?" అన్నాడు.

"నా డ్రైవర్. నా కథలో బస్సు డ్రైవర్. పాపం, తన మానాన తను బస్సు నడుపుకుంటున్నాడు. మీరు ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టి పడేశారు."

అప్పుడు అర్థమైంది అతనికి. హెడ్డాఫీసు నుంచి కొన్నాళ్ళకని వచ్చిన కొత్తమ్మాయి ఈమేనన్నమాట.

ఆ ఆఫీసులో బడి పిల్లల కోసం పరీక్ష ప్రశ్నలు తయారుచేస్తారు. ఒకరు చిన్న కథ రాసి, కింద ప్రశ్న వేసి, ఎ, బి, సి, డి అని నాలుగు ఆప్షన్లు ఇస్తారు. అది పిల్లల దగ్గరికి వెళ్ళేముందు ఆఫీసులోనే ఇంకొకరు, జవాబు చూడకుండా, పిల్లాడిలా కూర్చుని రాయాలి. రాసినవాళ్ళ జవాబూ వీళ్ళ జవాబూ కలిస్తే ప్రశ్న బతుకుతుంది. కలవకపోతే ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. దాన్ని అందరూ పంచాయితీ బల్ల అంటారు. అక్కడా తేలకపోతే పెద్దమేడమ్ మాటే ఆఖరు.

అతని ఉద్యోగం అలా జవాబులు రాయడమే. చేతికొచ్చిన వాటిలో సగానికి సగం కోసి పారేస్తాడని ఆఫీసంతా అతన్ని కత్తెర అంటుంది. ముఖ్యంగా 'ఈ భాగం ఎవరి కళ్ళతో చెప్పబడింది?' అనే ప్రశ్న వచ్చిందంటే అతని దగ్గరికే పంపుతారు. కథలో ఉన్న మనిషే 'నేను' అంటూ చెబుతున్నాడా, బయటి కథకుడు ఒక్కరి మనసునే అంటిపెట్టుకుని చెబుతున్నాడా, అందరి మనసులూ తెలిసినవాడై చెబుతున్నాడా అన్నది అతను ఇట్టే పట్టేస్తాడు.

"మీ కథ పాప కళ్ళతో నడుస్తోంది," అన్నాడు ఓపిగ్గా. "బస్సెక్కింది పాప, భయపడింది పాప. మధ్యలో ఉన్నట్టుండి 'డ్రైవర్‌కి ఆకలిగా ఉంది' అన్నారు. ఆయన కడుపులో సంగతి పాపకెలా తెలిసింది?"

"ఆయన కడుపు గుర్రుమంది. పాప వింది."

"ఆ ముక్క రాయలేదుగా మరి."

ఆమె కాగితం వైపు చూసింది. పెదవి బిగించింది. "రాస్తా," అని కాగితం లాక్కుని వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఎదుటి మనిషికి ఆకలిగా ఉందని మీకెప్పుడూ చూడగానే తెలీదా?"

"తెలీదండీ. అడిగి తెలుసుకుంటా."

"మరి అడిగారా? నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

అని చరచరా వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళిందో, నవ్వుకుంటూ వెళ్ళిందో మనకు తెలియదు. వెనక నుంచి చూస్తే జడ ఒక్కటే కనబడుతుంది, జడ ఏ సంగతీ చెప్పదు. ఈ కథ కత్తెరను అంటిపెట్టుకుని నడుస్తోంది కాబట్టి అతనికి తెలియనిది మనం తెలుసుకునే దారి లేదు. కాసేపటికి అతను లేచి, క్యాంటీన్ నుంచి ఒక బన్నూ ఒక కాఫీ తెచ్చి, ఆమె లేని సమయం చూసి ఆమె బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఎందుకు పెట్టాడో అతనికీ సరిగ్గా తెలియలేదు.

ఆ ఏడు వానలు మధ్యాహ్నాలే పడేవి. పంచాయితీ బల్ల పక్కనున్న కిటికీ తలుపు తడికి ఉబ్బి పూర్తిగా మూసుకునేది కాదు. జల్లు లోపలికొచ్చి కాగితాల అంచులు తడిపేది. ఆమె వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయి బయటకు చూసేది. అతను ఆమె చూసేవైపే చూసేవాడు. అక్కడ ఎదుటి మేడ మీద ఎవరో ఆరేసి మరిచిపోయిన దుప్పటి తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా ఇద్దరూ ఆ దుప్పటిని చాలాసేపు చూసేవాళ్ళు. ఆ తర్వాత వాదన ఎక్కడ ఆగిందో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

"మీరు సి అన్నారు," అనేది ఆమె.

"లేదండీ, నేను బి అన్నాను."

"అయితే నేనూ బి అనే అన్నాను. మరి మనం ఎందుకు పోట్లాడుకుంటున్నాం?"

నిజం చెప్పాలంటే ఈ మధ్య అతను బాగున్న ప్రశ్నలు కూడా కొట్టేస్తున్నాడు. జవాబు బి అని తెలిసి తెలిసీ సి పెడుతున్నాడు. పెడితేనే కదా పంచాయితీ. వృత్తికి ఇది పెద్ద ద్రోహమని అతనికి తెలుసు. సి పెట్టేముందు ఒకసారి చుట్టూ చూసుకునేవాడు కూడా.

పెద్దమేడమ్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ఒకరోజు అడగనే అడిగింది. "ఏం కత్తెరా, నీ పదునంతా ఈ మధ్య ఒక్కరి మీదే చూపిస్తున్నావ్?"

"క్వాలిటీ మేడమ్."

"ఊఁ. నీ వయసులో నాకూ ఉండేదిలే క్వాలిటీ."

అతను చెవులదాకా ఎర్రబడి ఫైల్లో తల దూర్చేశాడు.

అంతా బాగానే సాగుతుండగా ఆమె కథల్లోకి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. మొదట్లో పాపలూ పిల్లులూ తాతలూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ప్రతి కథలోనూ ఒక 'అతను'. ఒకచోట టీ చల్లారిపోయిందాకా కప్పు పట్టుకుని కూర్చుంటాడు. ఇంకోచోట నవ్వొస్తే కిటికీ వైపు తిరిగి నవ్వుతాడు. ఎవరీ మహానుభావుడు? కత్తెర ఆలోచించి ఆలోచించి బొమ్మలాయనే అని తేల్చుకున్నాడు.

బొమ్మలాయన అంటే కథల పక్కన బొమ్మలు వేసే కుర్రాడు. ఉంగరాల జుట్టు, పొడుగు వేళ్ళు, నోట్లో ఎప్పుడూ ఏదో కూనిరాగం. ఆమె రోజూ ఆ కుర్రాడి గదిలోకి వెళుతుంది. లోపల నవ్వులు వినబడతాయి. బయటికి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ఇంకేం కావాలి రుజువు? కత్తెర ఆ గది ముందు నుంచి నడిచిన ప్రతిసారీ నడక నెమ్మది చేసి ఆ నవ్వులు వినేవాడు.

ఒక సాయంత్రం పెద్దమేడమ్ అతన్ని పిలిచింది. "హెడ్డాఫీసువాళ్ళు ఆ అమ్మాయిని ఉంటావా, వెనక్కి వస్తావా అని అడుగుతున్నారు. రేపు సాయంత్రంలోపు చెప్పాలట. నీకేమైనా తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది మేడమ్?"

"సరేలే. తెలిస్తే చెబుతావని అడిగాను," అని ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

అతను ఇంటికి వచ్చేసరికి అక్క షాపులోనే ఉంది. కింద అక్క బట్టలు కుట్టే షాపు, పైన వాళ్ళ ఇల్లు. అక్క కుట్టుమిషన్ ఆపి తమ్ముడి ముఖం చూసింది.

"ఏరా, ఇవాళ ఆ అమ్మాయి ఏం అంది? రోజూ మెట్ల మీద నుంచే మొదలెడతావుగా."

"వెళ్ళిపోతుందేమో అక్కా."

"ఉండమని అడిగావా?"

"ఏమని అడగను? ఆమె మనసులో వేరే ఆయన ఉన్నాడు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను. నవ్వుతూ ఆయన గదిలోంచి వస్తుంది."

అక్క నోట్లోంచి గుండుసూది తీసి బట్టకు గుచ్చింది. "నా షాపులోంచి కూడా చాలామంది నవ్వుతూనే వెళ్తార్రా. అంతమాత్రాన నన్ను పెళ్ళి చేసుకుంటారా? కథల్లో ఎవరి మనసులో ఏముందో చెప్పి జీతం తీసుకుంటావు. సొంత విషయం వచ్చేసరికి బయట నుంచి కొలత తీసుకుని లోపల మనిషికి బట్ట కుట్టేస్తావు. పిచ్చి నాయనా, వెళ్ళి అడుగు."

"కాగితం మీద రాసి ఉంటేనే నాకు తెలుస్తుందక్కా," అన్నాడు దిగులుగా.

మర్నాడు పొద్దున అతని బల్ల మీద ఆమె రాసిన కాగితం ఉంది. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దమేడమ్ గదిలో ఉందని ఎవరో అన్నారు. అతను కూర్చుని చదివాడు.

'వాన మొదలైంది. ఆమె మెట్ల మీద ఆగింది. అతను గేటు దగ్గర ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది, విప్పలేదు. బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. అతను ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది. అతను నిలబడింది ఆమె కోసమే. ఆమె ఒక్కో మెట్టూ నెమ్మదిగా దిగింది. ఈ వాన ఇప్పుడే ఆగిపోకూడదు.'

కింద ప్రశ్న. ఈ భాగం ఎవరి కళ్ళతో చెప్పబడింది? ఎ, కథలోని ఆమె తన గురించి తానే చెబుతోంది. బి, బయటి కథకుడు ఆమె మనసునే అంటిపెట్టుకుని చెబుతున్నాడు. సి, అందరి మనసులూ తెలిసిన కథకుడు చెబుతున్నాడు. డి, ఎవరి మనసులోకీ వెళ్ళని కథకుడు చెబుతున్నాడు.

అతను మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పోయిన వారం వానలో గేటు దగ్గర నిలబడింది అతనే. బస్సు వదిలేసింది అతనే. ఆమెను గొడుగులో బస్‌స్టాప్ దాకా తీసుకెళ్ళాలని, దారిలో ఏదో ఒకటి చెప్పాలని నిలబడ్డాడు. ఇంతలో మెట్ల మీదికి బొమ్మలాయన వచ్చాడు, ఆమెతో ఏదో చెప్పాడు, ఇద్దరూ పగలబడి నవ్వారు. అంతే, అతను విప్పని గొడుగుతో తడుస్తూ వెళ్ళిపోయాడు. ఈ సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

మరి ఈమె ఎలా రాసింది? 'అతను నిలబడింది ఆమె కోసమే.' అక్షరాలా నిజం. అతని మనసులో తప్ప ఇంకెక్కడా లేని నిజం. అంటే ఈమెకు అంతా తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు, నాకు తెలుసులెండి అని మర్యాదగా ఒక మాట చెప్పి వెళుతోంది. బాధగా కళ్ళు మూసుకున్నాడు. తర్వాత పెన్ను తీసి, ఈసారి చుట్టూ చూసుకోకుండా, మనస్ఫూర్తిగా, సి పెట్టాడు. కారణం రాయాల్సిన చోట 'అతని మనసు కథకుడికి తెలుసు' అని రాశాడు.

మధ్యాహ్నం ఆమె పంచాయితీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. అతని కాగితం ముందు పెట్టుకుంది. బయట మబ్బు కమ్ముకుని గదంతా సాయంత్రంలా ఉంది.

"బి అండీ," అంది మెల్లగా. "ఇంత తేలికైన ప్రశ్నకు సి పెట్టారేంటి?"

"సి యే. అతను ఎందుకు నిలబడ్డాడో అతనికి కదా తెలియాలి. ఆ మాట చెప్పారంటే కథ అతని మనసులోకి వెళ్ళినట్టే."

"వెళ్ళలేదు. అది ఆమె అనుకున్న మాట."

"అనుకున్నట్టు ఎక్కడా రాయలేదే? కాబోలు అని కూడా లేదు."

"ఆశపడేవాళ్ళు మనసులో కాబోలు అనుకుంటారా? అతను తన కోసమే ఉన్నాడని ఆమెకి కావాలి. అందుకే అలా అనుకుంది. తప్పే అయ్యుండొచ్చు."

అతను ఆమె ముఖం చూశాడు. ఆమె కాగితం అంచును మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది.

"తప్పు ఎందుకవుతుంది?" అన్నాడు.

"ఎందుకంటే ఆమె కిందికి దిగేసరికి అతను లేడు. కథలో అది రాయలేదు, రాయబుద్ధి కాలేదు. నిజంగా ఆమె కోసమే నిలబడితే, ఆమె దిగేలోపు ఎందుకు వెళ్ళిపోతాడు? చూపు ఆనక బస్సు నంబరు కనబడలేదేమో. అందుకే ఎక్కలేదేమో."

"నంబరు బాగానే కనబడింది," అన్నాడు కత్తెర.

"ఎవరికి?"

"అతనికి. ఆ బస్సే. రోజూ ఎక్కే బస్సే. మెట్ల మీద ఆమె పక్కన ఇంకొకాయన నిలబడి నవ్విస్తుంటే, మధ్యలో తనెందుకని వెళ్ళిపోయాడు."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే బొమ్మలాయన కూనిరాగం తీస్తూ వచ్చి, బల్ల మీద ఒక బొమ్మ పడేశాడు.

"ఇదిగోండి హెడ్డాఫీసమ్మాయిగారూ, మీ గేటు మనిషి. కళ్ళజోడు తీసేశాను. పోయిన వారం మెట్ల మీద మీరన్నట్టే ముక్కు సాగదీశాను. అయినా మన కత్తెరలాగే వస్తున్నాడు. ఇన్ని కథల నుంచీ ఇదే గోల. ఇంక నా వల్ల కాదు, మీసం పెట్టమంటారా?"

అప్పుడు చూశాడు, ఎదురుగా ఎవరు కూర్చున్నారో. నాలుక కరుచుకున్నాడు. బొమ్మ తీసుకోబోయి, ఆగి, దాన్ని బోర్లించి పెట్టి, వచ్చిన దారినే మాయమయ్యాడు.

కత్తెర ఆ బొమ్మను తిరగేసి చూశాడు. పొడుగు ముక్కు మనిషి ఒకడు గేటు దగ్గర దిగులుగా తడుస్తున్నాడు. ముక్కూ, లేని కళ్ళజోడూ తప్ప మిగతా అంతా తనే. చల్లారిన టీ తనదే. కిటికీ వైపు తిరిగి నవ్వింది తనే. వానాకాలమంతా ఒక మనిషి తనను ఇంత దగ్గరగా చూస్తూ ఉంటే, తను మాత్రం పక్కగది తలుపును చూస్తూ గడిపాడు.

అంటే జవాబు నిజంగానే బి. ఆమెకు ఏమీ తెలియదు. తెలియక, ఆశపడి, కాగితం మీద పెట్టి అతని చేతికే ఇచ్చింది. అతను దానికి తప్పు జవాబు పెట్టి పంపాడు. ఆ తెలివికి అతనికి తన మీద తనకే నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది.

"అయితే మీరు..." అన్నాడు.

పెద్దమేడమ్ గది తలుపు తెరుచుకుంది. "ఏమ్మా, హెడ్డాఫీసు లైన్లో ఉంది. ఉంటావా, వస్తావా అని అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పెయ్. మీ పంచాయితీ తేలిందా?"

"ఇంకా లేదు మేడమ్," అంది ఆమె లేస్తూ. తలుపు దాకా వెళ్ళి ఆగింది. తిరగలేదు. జడ ఒక్కటే కనబడుతోంది. "కత్తెరగారూ, ఆఖరుసారి అడుగుతున్నా. ఆమె అనుకున్నది తప్పా, ఒప్పా?"

"అతను ఆ రోజు..."

"అతను వద్దండీ." ఆమె చెయ్యి తలుపు గడి మీదే ఉంది. "అతను అతను అని నేను చాలా రాశాను. రాసి రాసి అలిసిపోయాను."

అతను లేచాడు. లేచినప్పుడు కుర్చీ కిందపడింది, ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కథలన్నిటిలో 'నేను' ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన మనిషికి, ఆ చిన్న మాట సొంత కథలో పెట్టడం కష్టమైంది. పెద్దమేడమ్ చేతిలో ఫోను పట్టుకుని ఓపిగ్గా చూస్తోంది.

"నేను," అన్నాడు. "నేనే. నేను మీ కోసమే నిలబడ్డాను. ఆ రోజే కాదు, చాలా రోజులు నిలబడ్డాను, మీరు చూడలేదు. మీ ప్రశ్నలు బాగున్నా కొట్టేశాను, మీతో కూర్చోవాలని. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు వెళ్ళిపోతే నాకు బాగుండదు. ఉండిపోండి."

ఆమె తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో చెప్పడానికి ఎవరి మనసులోకీ వెళ్ళనక్కర్లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, ముఖం నిండా నవ్వుంది.

"బాగున్న ప్రశ్నలు కొట్టేశారా?" అంది.

"కొట్టేశాను."

"దొంగ కత్తెర," అని లోపలికి వెళ్ళి ఫోను అందుకుంది.

తలుపు తెరిచే ఉంది. పెద్దమేడమ్ వేయబోయి, ఏమనుకుందో, వదిలేసింది. బయట చినుకులు మొదలయ్యాయి. తడి మట్టి వాసన గదిలోకి నెమ్మదిగా వచ్చింది.

"నమస్తే అండీ," అంటోంది ఆమె. "లేదండీ, నేను రావడం లేదు. ఇక్కడే ఉంటాను. లేదు, జీతం గురించి కాదు. ఇల్లా? ఇల్లు చూసుకుంటాను. కారణమా?"

ఆగింది. గుమ్మంలోంచి ఇటు చూసింది. బొమ్మలాయన తన గది తలుపు సందులోంచి తొంగి చూస్తున్నాడు. పెద్దమేడమ్ లేని దుమ్మును కళ్ళద్దాల మీద నుంచి తుడుస్తోంది.

"ఇక్కడ నా కోసం ఒకాయన నిలబడి ఉన్నారండీ," అంది ఆమె ఫోన్లో, ఏ కాబోలూ లేకుండా. "ఇందాకే తెలిసింది."

కత్తెర తనను తను చూసుకున్నాడు. కుర్చీ కింద పడిపోయి ఉంది. అతను నిజంగానే ఇంకా నిలబడే ఉన్నాడు.